ఒక్క యాంటెన్నా, వందల మంది శ్రోతలు

రేడియో శీర్షిక – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో సాఫ్ట్‌వేర్ రేడియో గురించి రాశాను. యాంటెన్నాకు అందిన సంకేతాన్ని అక్కడికక్కడే అంకెలుగా మార్చి, స్టేషన్ పట్టడం, వడపోయడం, ధ్వనిగా మలచడం అన్నీ కంప్యూటర్ ప్రోగ్రాముకు అప్పగిస్తే అదే సాఫ్ట్‌వేర్ రేడియో. ఆ అంకెలను నెట్‌వర్క్ మీదికి ఎక్కిస్తే ఒకే యాంటెన్నాను ఎక్కడెక్కడివాళ్లో పంచుకోవచ్చని చివర్లో ఒక మాట అన్నాను. ఉత్తరాలు చాలావరకు ఆ మాట మీదే వచ్చాయి. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా కాలేజీ రేడియో క్లబ్బు తరఫున డాబా మీద యాంటెన్నా కట్టి, ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్‌ను (యూఎస్‌బీలో పెట్టే చిన్న రేడియో రిసీవర్) రాస్‌ప్బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్‌కు తగిలించాం. ఆర్‌టీఎల్-టీసీపీ ప్రోగ్రాం నడిపితే హాస్టల్ గదిలో నాకు చక్కగా వినిపిస్తోంది. పక్క గదిలోని స్నేహితుడు అదే సమయంలో ప్రయత్నిస్తే అతనికి రావడం లేదు. పెద్ద సర్వర్ కొంటే అందరికీ వస్తుందా? నెదర్లాండ్స్‌లో ఒక విశ్వవిద్యాలయం వందల మందికి ఒకేసారి వినిపిస్తోందట, అదెలా? – ఇంజనీరింగ్ మూడో సంవత్సరం విద్యార్థి, కాకినాడ

జవాబు: సర్వర్ కొనకండి. మీ దగ్గరున్న రాస్‌ప్బెర్రీ పై చాలు. మార్చాల్సింది ప్రోగ్రాం.

ఆర్‌టీఎల్-టీసీపీ చేసే పని చాలా చిన్నది. డాంగిల్ ఇచ్చిన అంకెలను ఉన్నవి ఉన్నట్టు అవతలి కంప్యూటర్‌కు చేరవేస్తుంది. ఒకసారికి ఒక్కరికే చేరవేస్తుంది. ఆ ఒక్కరి చేతికే డాంగిల్ పగ్గాలన్నీ ఇస్తుంది: ఏ ఫ్రీక్వెన్సీకి తిప్పాలి, గెయిన్ (సంకేతాన్ని పెంచే మోతాదు) ఎంత ఉండాలి, సెకనుకు ఎన్ని నమూనాలు (సంకేతాన్ని కొలిచిన విలువలు) తీయాలి, అన్నీ. ఒక మనిషి తన డాబా మీది డాంగిల్‌ను కింద గదిలోంచి వాడుకోవడానికి అది సరిగ్గా సరిపోతుంది. పదిమందికి పంచడానికి పుట్టిన ప్రోగ్రాం కాదు.

ఎలాగో దాన్ని సవరించి పదిమందికి పంపించారనే అనుకుందాం. లెక్క వేయండి. డాంగిల్ సెకనుకు 24 లక్షల నమూనాలు ఇస్తుంది. ఒక్కో నమూనాలో రెండు అంకెలు, ఒక్కో అంకె 8 బిట్లు. అంటే సెకనుకు 38.4 మెగాబిట్లు. పదిమందికి 384. హాస్టల్ వైఫై దీన్ని మోయలేదు. ఒక్కరికే ఇరవై నాలుగు గంటలూ పంపినా రోజుకు 414 గిగాబైట్లు దాటుతుంది.

ఇప్పుడు శ్రోతకు నిజంగా కావలసింది ఎంతో చూడండి. అమెచ్యూర్ రేడియోలో, అంటే లైసెన్సు తీసుకుని అభిరుచి కొద్దీ మాట్లాడుకునేవాళ్ల రేడియోలో, ఒక మాటల సంకేతం వెడల్పు సుమారు 3 కిలోహెర్ట్జ్. ధ్వనిని సెకనుకు 12,000 నమూనాలుగా, ఒక్కొక్కటి 16 బిట్లతో పంపితే 192 కిలోబిట్లు. ఏడీపీసీఎం అనే పాత, తేలికైన కుదింపు పద్ధతిలో 16 బిట్లు 4 అవుతాయి. 192 కాస్తా 48 అవుతుంది. ఇక ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత బలమైన సంకేతం ఉందో చూపిస్తూ తెర మీద జారే రంగుల బొమ్మ, వాటర్‌ఫాల్ ఉంది. వరుసకు 1,024 చుక్కలు, చుక్కకు ఒక బైటు, సెకనుకు తొమ్మిది వరుసలు అనుకుంటే మరో 74 కిలోబిట్లు. దాన్నీ కుదిస్తే సగానికి వస్తుంది. మొత్తం మీద మనిషికి 100 కిలోబిట్లు పెట్టుకుంటే చాలు. ముడి అంకెలు ఒక్కరికి పంపే దారిలో ఇలా వండిన సరుకు 380 మందికి పోతుంది.

కాబట్టి పంచుకునే రేడియోలో మొట్టమొదట తేల్చుకోవలసింది ఒక్కటే: ఏ పని యాంటెన్నా పక్కన జరగాలి, ఏ పని శ్రోత కంప్యూటర్‌లో జరగాలి. ఈ గీత తప్పుడు చోట గీస్తే ఎంత పెద్ద యంత్రం కొన్నా లాభం లేదు. స్టేషన్ వేరు చేయడం యాంటెన్నా పక్కనే జరగాలి. కుదింపు విప్పడం, రంగులు వేయడం, శబ్దం పెంచడం తగ్గించడం శ్రోత బ్రౌజర్ చేసుకుంటుంది. మీకు సరిపడే ప్రోగ్రాం ఓపెన్‌వెబ్‌ఆర్‌ఎక్స్. హంగరీకి చెందిన ఆండ్రాస్ రెట్జ్‌లర్ దాన్ని రాశారు. 2019 చివర్లో ఆయన దాని నిర్వహణ నుంచి తప్పుకున్నాక జర్మనీకి చెందిన యాకోబ్ కెట్టర్ల్ ముందుకు తీసుకెళ్లారు. మీ రాస్‌ప్బెర్రీ పై మీద, మీ డాంగిల్‌తోనే నడుస్తుంది.

ఇక నెదర్లాండ్స్ సంగతి. మీరు చెప్పినది ఎన్‌షెడెలోని ట్వెంటె విశ్వవిద్యాలయంలో ఉన్న వెబ్‌ఎస్‌డీఆర్, అంటే బ్రౌజర్‌లో వినే సాఫ్ట్‌వేర్ రేడియో. రూపకర్త పీటర్-టియర్క్ డి బూర్. అదే దేశంలోని డ్వింగెలోలో 25 మీటర్ల వ్యాసం ఉన్న పాత రేడియో టెలిస్కోపు ఉంది. చంద్రుడికి తగిలి తిరిగొచ్చే అమెచ్యూర్ సంకేతాలను దాని ద్వారా అందరూ వినగలిగితే బాగుంటుందన్న కోరిక దగ్గర ఈ ఆలోచన మొదలైంది. ఎన్‌షెడెలోని రిసీవర్ 2012 జులై నుంచి సున్నా మొదలు 29.16 మెగాహెర్ట్జ్ దాకా మొత్తం ఫ్రీక్వెన్సీ పట్టీని ఒకేసారి అందుకుంటోంది. లాంగ్ వేవ్, మీడియం వేవ్, షార్ట్ వేవ్ అన్నీ అందులోనే. వందల మంది ఎవరికి నచ్చిన చోట వాళ్లు తిప్పుకుంటారు. ఒకరి వల్ల మరొకరికి ఇబ్బంది ఉండదు. యాంటెన్నా చూస్తే మాత్రం అరచేతిలో పట్టేంత పలక ఉండే మినీ-విప్.

అంత వెడల్పు పట్టీకి సెకనుకు కనీసం 5.83 కోట్ల నమూనాలు కావాలి. ఒక్కో శ్రోత కోసం ఆ ప్రవాహం మొత్తాన్ని విడివిడిగా నమిలి అతనికి కావలసిన 3 కిలోహెర్ట్జ్ ముక్క తీస్తామంటే, 300 మందికి సెకనుకు 1,750 కోట్ల నమూనాలు నమలాలి. ఇక్కడే అసలు కిటుకు. పెళ్లికి వచ్చిన ప్రతి బంధువు కోసం ఎవరూ విడిగా పొయ్యి వెలిగించరు; గుండిగలో ఒక్కసారి వండి ఎవరి విస్తట్లో వారికి వడ్డిస్తారు. ఇక్కడ గుండిగ స్థానంలో ఉన్నది ఎఫ్‌ఎఫ్‌టీ, అంటే సంకేతాన్ని ఫ్రీక్వెన్సీల వారీగా విడగొట్టే గణితం.

ఈ పని ఎలా జరుగుతుందో దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే. సెకనుకు 6.48 కోట్ల నమూనాలు వస్తున్నాయనుకోండి. 20 మిల్లీసెకన్లకొకసారి 12,96,000 కొత్త నమూనాలు పోగవుతాయి. వాటికి ముందు ముక్క చివరనున్న 3,24,000 నమూనాలు అతికిస్తాం, అతుకుల దగ్గర ధ్వని చెడకుండా. మొత్తం 16,20,000. వీటి మీద ఒక పెద్ద ఎఫ్‌ఎఫ్‌టీ చేస్తే పట్టీ అంతా 40 హెర్ట్జ్ చొప్పున సన్నని అరలుగా విడిపోతుంది. ఇది అందరికీ ఉమ్మడి. ఒక్కరు విన్నా, మూడు వందల మంది విన్నా దీని ఖర్చు మారదు. ఒక శ్రోత 7,100 కిలోహెర్ట్జ్ అడిగాడు. అతనికి 12 కిలోహెర్ట్జ్ ముక్క చాలు, అంటే ఆ చుట్టుపక్కల 300 అరలు. వాటిని తీసి, వడపోత గుణకాలతో గుణించి, 300 బిందువుల చిన్న ఎఫ్‌ఎఫ్‌టీని తిరగేసి చేస్తే అతని ధ్వని తయారు. పదహారు లక్షల పని ఉమ్మడి ఖాతాలో, మూడు వందల పని మాత్రం శ్రోత ఖాతాలో పడుతుంది. వాటర్‌ఫాల్ కూడా ఉమ్మడే. పట్టీ మొత్తం చూసే ప్రతివాడికీ అదే బొమ్మ పోతుంది కాబట్టి ఒక్కసారి గీసి నకళ్లు పంచితే సరి.

ఇంకో చిక్కు ఉంది. దీన్ని పుస్తకాల్లో ఎక్కువగా చెప్పరు, నడిపేవాళ్లకే తెలుస్తుంది. శ్రోతల్లో ఒకరు బస్సులో కూర్చుని, బలహీనమైన మొబైల్ సిగ్నల్ మీద వింటుంటారు. ఆయన ఫోను అందుకోలేనంత వేగంగా సర్వర్ పంపుతూ ఉంటుంది. పంపాల్సింది పోగుపడుతుంది. ఆయన కోసం సర్వర్ ఆగితే మిగతా అందరి ధ్వనీ తెగిపోతుంది. ఆగకుండా పోగు పెడుతూ పోతే మెమరీ నిండి యంత్రమే కూలబడుతుంది. సరైన పద్ధతి: తాజా నమూనాలను గుండ్రటి వరుసలో రాస్తూ పోవాలి, ప్రతి శ్రోతకూ తాను ఎక్కడిదాకా చదివాడో గుర్తు ఉండాలి, ఒకటి రెండు సెకన్లకు మించి వెనకబడితే పాతది వదిలేసి ప్రస్తుతానికి తీసుకురావాలి. రేడియోలో పోయిన మాట పోయినట్టే. దానికోసం ఎవరినీ ఆపకూడదు.

మీ క్లబ్బులో ఒక పని చేయండి. శ్రోతలు లేనప్పుడు, ఒకరున్నప్పుడు, ఐదుగురున్నప్పుడు ప్రాసెసర్ ఎంత శాతం వాడుకుంటోందో రాసుకోండి. ఎవరూ లేనప్పటి అంకె ఉమ్మడి ఖర్చు. ఐదుగురికి పెరిగినదాన్ని ఐదుతో భాగిస్తే తలసరి ఖర్చు. మీ యంత్రం ఎంతమందిని మోయగలదో ఆ రెండు అంకెలే చెబుతాయి. గరిష్ఠ శ్రోతల సంఖ్యను అంతకన్నా కాస్త తక్కువకు బిగించండి.

ప్రశ్న: ఒక ఓపెన్‌వెబ్‌ఆర్‌ఎక్స్ రిసీవర్‌లో 40 మీటర్ల పట్టీలో అమెచ్యూర్ సంభాషణ వింటుంటే ఉన్నట్టుండి ఎఫ్‌ఎం పాటలు వచ్చాయి. మళ్లీ వెనక్కి మార్చాను. కాసేపటికి మళ్లీ అదే. ఎవరైనా హ్యాక్ చేస్తున్నారా? – హనుమకొండ

జవాబు: హ్యాకింగేమీ కాదు. మీలాంటి మరో శ్రోత తనకు కావలసిన పట్టీని ఎంచుకున్నారు. మీరు ఆయన్ని విసిగించారు, ఆయన మిమ్మల్ని విసిగించారు, ఇద్దరికీ ఆ సంగతి తెలియదు.

డాంగిల్ చూపే కిటికీ వెడల్పు 2.4 మెగాహెర్ట్జే. ఆ కిటికీలో ఎవరు ఎక్కడ విన్నా, ఏ వడపోత పెట్టుకున్నా వారి సొంత వ్యవహారం. కిటికీనే జరిపితే మాత్రం అందరూ దానితో పాటు జరుగుతారు. గెయిన్ కూడా అంతే. యాంటెన్నా మరీ ఉమ్మడి ఆస్తి. నన్ను అడిగితే, బయటి జనానికి తెరిచిన రిసీవర్‌లో పట్టీ మార్చే హక్కు శ్రోతలకు ఇవ్వకూడదు. ఒక డాంగిల్‌కు ఒకే పట్టీ. మూడు పట్టీలు కావాలంటే మూడు డాంగిళ్లు. లేదా వేళల పట్టిక రాసిపెట్టాలి: పగలు 20 మీటర్లు, చీకటి పడ్డాక 40 మీటర్లు అని. ఓపెన్‌వెబ్‌ఆర్‌ఎక్స్‌లో ఆ సదుపాయం ఉంది. డాంగిల్ ఖరీదు ఒక మంచి హెడ్‌ఫోన్ ఖరీదును మించదు. శ్రోతల మధ్య తగువు పెట్టడం కన్నా అదే నయం.

ప్రశ్న: నాన్నగారు పొద్దున్నే విజయవాడ కేంద్రం పెట్టేవారు. ఇక్కడినుంచి అది మీడియం వేవ్‌లోనే, ఆ గరగరతో సహా వినాలని ఉంది. నెట్‌లో కివీఎస్‌డీఆర్ రిసీవర్లు చూశాను. బాగున్నవాటిలో ఎప్పుడు చూసినా నాలుగు స్థానాలూ నిండిపోయే ఉంటున్నాయి. వేల మందికి సినిమాలు చూపించే రోజుల్లో నలుగురికే ఎందుకు? – డల్లాస్, టెక్సాస్

జవాబు: అమ్మా, ముందు నాలుగు సంగతి చెబుతాను.

కివీఎస్‌డీఆర్‌ను న్యూజిలాండ్‌లో ఉండే జాన్ సీమన్స్ రూపొందించారు. 2016లో ప్రజల నుంచి ముందస్తు చందాలు తీసుకుని తయారీ మొదలుపెట్టారు. బీగిల్‌బోన్ అనే అరచేతి కంప్యూటర్ మీద కూర్చునే పలక అది. 10 కిలోహెర్ట్జ్ నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా మొత్తం పట్టీని 14 బిట్ల అంకెలుగా మారుస్తుంది. పైన చెప్పిన కిటికీ తగువు ఇందులో లేదు: ఒకరు మీడియం వేవ్‌లో ఉంటే మరొకరు 25 మెగాహెర్ట్జ్ దగ్గర ఉండవచ్చు. బీగిల్‌బోన్ ప్రాసెసర్ చాలా చిన్నది. అంత పెద్ద ప్రవాహాన్ని అది నమలలేదు. అందుకని ఆ పనిని కావలసిన సర్క్యూట్లను మనమే అమర్చుకోగల ఎఫ్‌పీజీఏ అనే చిప్‌లో ప్రతి శ్రోతకూ ఒక సర్క్యూటు చొప్పున నిర్మించారు. ధ్వనికొకటి, వాటర్‌ఫాల్‌కొకటి. చిప్‌లో చోటు ఎంతుందో అన్నే సర్క్యూట్లు పడతాయి. యజమాని కావాలనుకుంటే ఎనిమిది మందికి మార్చుకోవచ్చు. అప్పుడు పూర్తి వాటర్‌ఫాల్ ఇద్దరికే దక్కుతుంది.

సినిమాతో పోలిక ఇక్కడ కుదరదు. సినిమా అందరికీ ఒకటే. నకళ్లు పంచితే చాలు. ఇక్కడ ప్రతి శ్రోతకూ విడిగా ఒక రేడియో పనిచేస్తోంది. అది కూడా ఎవరో ఒక అభిమాని తన ఇంటి కరెంటుతో, తన ఇంటి నెట్‌తో ఉచితంగా పెట్టినది. విని అయిపోగానే ట్యాబ్ మూసేయండి. చాలామంది అలా తెరిచి వదిలేస్తారు. నాలుగు స్థానాలు ఎప్పుడూ నిండి ఉండటానికి అదొక కారణం.

ఇక విజయవాడ. ఆకాశవాణి విజయవాడ 837 కిలోహెర్ట్జ్ మీద ఉంటుంది. మీ ఊళ్లోని రిసీవర్‌లో దొరకదు. అమెరికాలో మీడియం వేవ్ స్టేషన్ల మధ్య ఎడం 10 కిలోహెర్ట్జ్, మనకు 9. అక్కడ 837కు ఇటు 830, అటు 840 ఉంటాయి. పైగా మీడియం వేవ్ పగటిపూట నేలను పట్టుకుని కొంత దూరమే పోతుంది. అందుకే రిసీవర్ మన ప్రాంతంలోనే ఉండాలి. నెట్‌లోని కివీఎస్‌డీఆర్ పటం మీద దక్షిణ భారతంలోని రిసీవర్లు వెతకండి. పొద్దున కార్యక్రమాలు కావాలంటే ఇక్కడి ఉదయం వేళ తెరవాలి, అప్పుడు మీకు సాయంత్రం లేదా రాత్రి అవుతుంది. కార్యక్రమాలే ముఖ్యమనుకుంటే న్యూస్‌ఆన్‌ఎయిర్ యాప్‌లో విజయవాడ శుభ్రంగా వస్తుంది. గరగర కూడా కావాలన్నారు కనుక రిసీవరే మీకు దారి. నాన్నగారి రేడియోలో వినిపించిన ఉరుముల చిటపటలు ఇందులోనూ వినిపిస్తాయి.

ప్రశ్న: ఇంటికి సెకనుకు 100 మెగాబిట్ల ఫైబర్ ఉంది. మా డాబా మీద ఒక రిసీవర్ పెట్టి అందరికీ తెరవాలని ఉంది. ఎంతమందికి ఇవ్వగలను? రౌటర్‌లో పోర్టు తెరిచినా బయటివాళ్లకు రావడం లేదు. – ఖమ్మం

జవాబు: పుణ్యం కట్టుకుంటున్నారు. పైన డల్లాస్ నుంచి రాసిన సోదరి లాంటివాళ్లకు కావలసింది ఇదే.

మొదట పోర్టు సంగతి. చాలా ఫైబర్ సంస్థలు పాత తరహా ఇంటర్నెట్ చిరునామాలు చాలక, ఎంతోమంది ఖాతాదార్లను ఒకే బహిరంగ చిరునామా వెనక ఉంచుతున్నాయి. మీ రౌటర్‌లో తలుపు తీశారు సరే, దానికి ముందున్న సంస్థ ప్రహరీకి తలుపు లేదు. దారులు మూడు. సంస్థను అడిగి సొంత స్థిర చిరునామా తీసుకోవడం. దానికి అదనంగా చెల్లించాలి. ఐపీవీ6 అనే కొత్త తరహా చిరునామా ఉంటే దాని ద్వారా తెరవడం; అయితే అది లేని శ్రోతలు రాలేరు. మూడోది, డేటా సెంటర్‌లో చిన్న సర్వర్ ఒకటి అద్దెకు తీసుకుని, మీ ఇంటి నుంచి దానికి వైర్‌గార్డ్ అనే ప్రోగ్రాంతో సొరంగం (ఇంటర్నెట్ మీదే రహస్యమైన సొంత దారి) వేయడం. శ్రోతలు అద్దె సర్వర్ దగ్గరికి వస్తారు. నా మొగ్గు మూడోదానికే. మీ ఇంటి ఇంటర్నెట్ చిరునామా బయటపడదు. రేపు ఇంటి ఫైబర్ సంస్థ మారినా శ్రోతలకు తెలియదు.

దానివల్ల ఇంకో లాభం కూడా ఉంది. ఇరవై మంది శ్రోతలకు తలా 100 కిలోబిట్లంటే సెకనుకు 2 మెగాబిట్లు. మీ ఫైబర్‌కు అదొక భారమే కాదు. రోజంతా ఇరవై మందీ ఉంటే మాత్రం రోజుకు 21.6 గిగాబైట్లు, నెలకు సుమారు 650 గిగాబైట్లు పైకి పోతాయి. మీ పథకంలో నెలవారీ పరిమితి ఎంతో చూసుకోండి. అది తక్కువైతే వాటర్‌ఫాల్‌ను ఇంటి నుంచి ఒక్క ప్రతిగా అద్దె సర్వర్‌కు పంపి, అక్కడ ఇరవై నకళ్లు తీయించవచ్చు. పదిమంది ఒకే స్టేషన్, ఒకే వడపోతతో వింటుంటే ఆ ధ్వనికీ అదే పద్ధతి వర్తిస్తుంది. ఇది సిద్ధంగా దొరికే సదుపాయం కాదు, మధ్యలో కొంత ప్రోగ్రాం రాయాలి. రాయగలిగినవాళ్లు పక్కన ఉంటే ఇంటి మీది భారం చాలా తగ్గుతుంది.

ఒక మనిషి ఎంతసేపు ఉండవచ్చో పరిమితి పెట్టండి. మనుషులకన్నా ముందు యాంత్రికంగా తిరిగే బాట్లు వచ్చి స్థానాలు ఆక్రమిస్తాయి. తయారీదారు పెట్టిన పాస్‌వర్డును మొదటి రోజే మార్చేయండి. ప్రసార పట్టీలు, అమెచ్యూర్ పట్టీలు తెరవండి. పోలీసుల, అత్యవసర సేవల సంభాషణలను ఎంత సులభంగా దొరికినా ఊరందరికీ వినిపించకండి.

అన్నిటికంటే ముందు మాత్రం డాబా మీద నిలబడి ఒక రేడియో పెట్టి వినండి. ఎల్‌ఈడీ దీపాలు, ఇన్వర్టరు, సోలార్ చార్జర్, లిఫ్టు మోటారు అన్నీ షార్ట్ వేవ్‌ను బుసలతో నింపేస్తాయి. ఇరవై మందికి పంచినా రెండు వేల మందికి పంచినా అదే బుస. మన ప్రాంతంలో వంద మందిని మోసే ఒక్క పెద్ద రిసీవర్ నగరం నడిబొడ్డున ఉండటం కన్నా, నలుగురేసి వినగల చిన్న రిసీవర్లు పల్లెటూళ్లలో పాతిక ఉండటం మేలని నేను గట్టిగా నమ్ముతాను. అక్కడ నేల నిశ్శబ్దంగా ఉంటుంది. ఒకచోట కరెంటు పోతే మరోచోట వినవచ్చు. ఉరుముల వేళ ఒకరు ప్లగ్ పీకేస్తే (పీకేయాలి కూడా) మిగతావి నడుస్తుంటాయి. మీకు చుట్టాల ఊరు ఏదైనా ఉండి, అక్కడ ఫైబర్ వచ్చి ఉంటే ఖమ్మం బదులు అక్కడ పెట్టే ఆలోచన చేయండి.

ప్రశ్న: కేఏ9క్యూ-రేడియో అనే ప్రోగ్రాం ఒకే యంత్రం మీద వందల ఛానళ్లు పడుతుందని విని మా విభాగంలో పెట్టాం. ల్యాబ్‌లో అద్భుతంగా ఉంది. కానీ దాన్ని మొదలుపెట్టగానే క్యాంపస్ వైఫై పడకేస్తోందని కంప్యూటర్ విభాగం వాళ్లు గొడవ చేస్తున్నారు. – అధ్యాపకుడు, తిరుపతి

జవాబు: వాళ్ల గొడవ న్యాయమే. మీ ప్రోగ్రాంలోనూ లోపం లేదు.

దాన్ని రాసిన ఫిల్ కార్న్ పాతకాలపు నెట్‌వర్క్ మనిషి. 1980ల్లోనే చిన్న కంప్యూటర్లకూ, అమెచ్యూర్ రేడియోకూ ఇంటర్నెట్ ప్రోటోకాల్ తెచ్చినవారు. కేఏ9క్యూ ఆయన కాల్‌సైన్, అంటే రేడియోలో ఆయన్ని గుర్తుపట్టే పేరు. కాకినాడ విద్యార్థికి చెప్పిన పెద్ద ఎఫ్‌ఎఫ్‌టీ పద్ధతే ఇందులో ఉంది. అదనంగా ఆయన మల్టీకాస్ట్ వాడారు: సర్వర్ ఒక్కో ఛానల్‌కు ఒక్క ప్రతి మాత్రమే పంపుతుంది, కావలసినవాళ్లకు నకళ్లు తీసి ఇచ్చే పని నెట్‌వర్క్ స్విచ్‌దే. శ్రోతలు ఎంతమంది పెరిగినా సర్వర్‌కు తెలియను కూడా తెలియదు.

అయితే స్విచ్‌కు ఆ తెలివి ఉండాలి. ఎవరు అడిగారో గమనించే ఐజీఎంపీ స్నూపింగ్ ఆన్ చేసి లేకపోతే, ప్రతి పోర్టుకూ అన్నీ పంపేస్తుంది. అలా అది వైఫై పెట్టెల దాకా పోతుంది. వైఫైలో మల్టీకాస్ట్‌కు అందిందన్న రసీదు ఉండదు; అందరికీ వినబడాలని పెట్టె దాన్ని తన అతి తక్కువ వేగంతో పంపుతుంది. ఒక్కో ఛానల్ 192 కిలోబిట్లు వేసుకున్నా వందకు 19 మెగాబిట్లు. సెకనుకు 6 మెగాబిట్ల వేగంతో గాలిలోకి 19 ఎలా పోతాయి? ఆ గాలిలో మిగతా పిల్లల ఫోన్లకు చోటెక్కడిది?

రేడియో సర్వర్‌ను ప్రత్యేక వీలాన్‌లో (అదే తీగల మీద విడిగా నడిచే నెట్‌వర్క్‌లో) పెట్టండి, స్నూపింగ్‌తో పాటు, ఎవరికి ఏది కావాలో అడుగుతూ ఉండే క్వెరియర్ కూడా ఆ వీలాన్‌లో ఉండేలా చూడండి. వైఫైలోకి ఆ వీలాన్ పోకూడదు. ప్యాకెట్ ఎంత దూరం పోవచ్చో చెప్పే టీటీఎల్‌ను సున్నా పెడితే ప్యాకెట్లు యంత్రం దాటవు. పరీక్షలు అలా చేసుకోవచ్చు. బ్రౌజర్లు మల్టీకాస్ట్ అందుకోలేవు కాబట్టి హాస్టల్ శ్రోతల కోసం అదే యంత్రం మీద ఒక వెబ్ గేట్‌వే నడిపి మామూలు పద్ధతిలో ఇవ్వండి. ఆర్‌ఎక్స్-888 లాంటి వెడల్పు రిసీవర్ ముడి ప్రవాహాన్ని మాత్రం ఎప్పుడూ నెట్‌వర్క్ మీదికి వదలకండి. సెకనుకు 12.96 కోట్ల నమూనాలు, 16 బిట్లు అంటే 2 గిగాబిట్లు దాటింది. గిగాబిట్ తీగ దానికి చాలదు.

ప్రశ్న: నెట్ రిసీవర్‌లో సమయ సంకేతం విని గడియారం సరిచేసుకోవచ్చా? – గుంటూరు

జవాబు: వద్దు. ముక్కలుగా పోగుచేయడం, కుదించడం, దారిలో కుదుపులు తెలియకుండా బ్రౌజర్ కొంత నిల్వ పెట్టుకోవడం వల్ల మీకు వినిపించేసరికి సెకనులో కొంత భాగమో, ఒక సెకనుకు పైనో గడిచిపోతుంది. ఆ ఆలస్యం నిలకడగానూ ఉండదు.

ప్రశ్న: మా పాఠశాల సైన్స్ క్లబ్బుకు ఒక్క డాంగిల్ కొనే స్తోమత ఉంది. పిల్లలందరూ ఒకేసారి వాడుకునేలా ఏ పట్టీ మీద పెట్టమంటారు? – ఉపాధ్యాయురాలు, అనంతపురం

జవాబు: క్యూఓ-100 మీద పెట్టండి. ఖతార్‌కు చెందిన ఎస్‌హైల్-2 అనే భూస్థిర ఉపగ్రహంలో అమెచ్యూర్లకు ఇచ్చిన భాగం అది. 2018 నవంబరు 15న ప్రయోగించారు. సుమారు 26 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నిలబడి ఉంటుంది. మనకు పడమర దిక్కున, నేలకు సుమారు 30 డిగ్రీల ఎత్తులో. ఆ వైపు చెట్టో, నీళ్ల ట్యాంకో అడ్డం లేకుండా చూసుకోండి.

దీన్ని ఎందుకు చెబుతున్నానంటే, అమెచ్యూర్ల మాటలూ మోర్స్ అన్నీ 10,489.5 నుంచి 10,490 మెగాహెర్ట్జ్ మధ్యనే, అంటే 500 కిలోహెర్ట్జ్‌లో ఉంటాయి. మీ ఒక్క డాంగిల్ కిటికీలో మొత్తం పట్టేస్తుంది. పిల్లల్లో ఎవరికీ కిటికీ జరపాల్సిన అవసరం రాదు. హనుమకొండ పాఠకుడికి ఎదురైన తగువు మీకు రాదు. ఉపగ్రహం కదలదు కనుక డిష్ ఒకసారి సరిపెడితే చాలు. ఇంగ్లండ్ నైరుతి కొసన గూన్‌హిల్లీ భూకేంద్రంలో ఇలాంటిదే ఒక వెబ్‌ఎస్‌డీఆర్ అందరికీ తెరిచి ఉంది. కొనడానికి ముందు పిల్లలకు అందులో చూపించండి.

వాడని డీటీహెచ్ డిష్ ఎవరింట్లోనైనా దొరుకుతుంది. దాని ముందుండే ఎల్‌ఎన్‌బీ (ఉపగ్రహ సంకేతాన్ని అందుకుని ఫ్రీక్వెన్సీ తగ్గించే పెట్టె) మీద 9.75 (గిగాహెర్ట్జ్) అనే అంకె ఉందేమో చూడండి. ఉంటే 10,489.5 లోంచి 9,750 తీసేయగా మిగిలే 739.5 మెగాహెర్ట్జ్ దగ్గర డాంగిల్‌కు సంకేతం దొరుకుతుంది. ఎల్‌ఎన్‌బీకి కరెంటు అదే తీగలో పోతుంది కాబట్టి మధ్యలో బయాస్-టీ అనే చిన్న పెట్టె పెట్టాలి, లేకపోతే ఆ ఓల్టేజీ డాంగిల్‌ను కాల్చేస్తుంది. ఎల్‌ఎన్‌బీ ఎండకు వేడెక్కితే ఫ్రీక్వెన్సీ జరుగుతుంది. ఉపగ్రహం ఎప్పుడూ ఒకే ఫ్రీక్వెన్సీలో పంపే బీకన్ అనే గుర్తు సంకేతాన్ని ఆనవాలుగా పెట్టుకుని సరిచేసుకోవాలి. ఆ జరుగుడును గంటగంటకూ రాసే పని పిల్లలకే అప్పగించండి. ఓపెన్‌వెబ్‌ఆర్‌ఎక్స్‌ను పాఠశాల లోపలి నెట్‌వర్క్‌లోనే నడిపితే బయటి ఇంటర్నెట్ అవసరమే లేదు. కంప్యూటర్ గదిలో ఎన్ని కంప్యూటర్లుంటే అన్ని రేడియోలు. డిష్ సరిపెట్టాక బీకన్ వినిపించిందో లేదో నాకు రాయండి.